రెండు పాదాలూ ఆనాలన్న పట్టు వదలండి

మదనపల్లెలో ఐదడుగుల రెండంగుళాల మనిషి క్రూజర్ బండి కొంటానని నోరు విప్పితే చాలు, అడగకపోయినా వచ్చి పడే సలహా ఒకటుంది. "రెండు కాళ్లూ నేలకు పూర్తిగా ఆనే బండి చూసుకో సామీ, లేదంటే పడతావు." ఇంట్లో నాన్న అదే అంటాడు, మెకానిక్ అదే అంటాడు, షోరూంలో కుర్రాడూ అదే అంటాడు. అడిగింది ఆడపిల్ల అయితే ఇంకో వాక్యం కలుస్తుంది: "నీకెందుకమ్మా అంత బండి, స్కూటీ తీసుకోరాదా." పుంగనూరులోనూ ఇదే మాట. కుప్పంలో అయితే తెలుగుతోపాటు తమిళంలోనూ కన్నడంలోనూ వినిపిస్తుంది.

నేను దానికి సరిగ్గా ఎదురు చెప్తాను. కింద రాసినవి చాలామందికి తలకిందుల సలహాలుగా కనిపిస్తాయి. కనిపించనీయండి. అందరూ చెప్పే సలహా పొట్టివాళ్లను వాళ్లకు సరిపడని బండి మీద కూర్చోబెడుతోంది. ముచ్చటపడి, అప్పు చేసి కొన్న బండిని ఏడాది తిరక్కముందే భయంతో అమ్ముకునేలా చేస్తోంది. అలా అమ్ముకున్నవాళ్లలో చాలామంది లోపం తమ ఎత్తులో ఉందనుకుని తలొంచుకుంటారు. లోపం వాళ్లు బండిని కొలిచిన పద్ధతిలో ఉంది.

సీటు ఎత్తు అంకెను పక్కన పెట్టండి

షోరూంలో ఇచ్చే కాగితంలో పొట్టివాళ్లు మొదట వెతికేది సీటు ఎత్తు. దాన్ని చివర చదవండి. ఎందుకో అంకెల్లోనే చూపిస్తాను.

మన పల్లెల్లో పాల క్యాన్లు కట్టుకుని తిరిగే హీరో స్ప్లెండర్ సీటు 785 మిల్లీమీటర్ల ఎత్తు. ఐదడుగుల మనిషి కూడా దాన్ని ఏ జంకూ లేకుండా నడుపుతాడు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350 సీటు 765. అంటే స్ప్లెండర్ కన్నా రెండు సెంటీమీటర్లు కిందికే ఉంది. అయినా స్ప్లెండర్ మీద ఇరవై ఏళ్లు తిరిగిన మనిషి మీటియోర్ ఎక్కగానే బిగుసుకుపోతాడు. కారణం రెండో అంకెలో ఉంది. స్ప్లెండర్ బరువు 112 కిలోలు, మీటియోర్ 191. స్ప్లెండర్ ఒరిగితే కాలితో ఒక నెట్టు నెట్టి నిలబెట్టేస్తాం. మీటియోర్ ఒక హద్దు దాటి ఒరిగిందంటే ఆరడుగుల మనిషి కూడా ఆపలేడు.

ఇదే లెక్కను ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లండి. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన సూపర్ మీటియోర్ 650 సీటు 740 మిల్లీమీటర్లే. కాగితం మీద పొట్టివాళ్ల కోసమే పుట్టిన బండి. బరువు 241 కిలోలు. సీటు ఎత్తు చూసి దాన్ని కొన్నవాళ్లు షోరూంలో రెండు పాదాలూ ఆన్చి ఫొటో దిగుతారు. ఇంటి ముందు ర్యాంపు మీద వెనక్కి తీయడానికి పక్కింటి అబ్బాయిని పిలుస్తారు.

పుంగనూరు ఆవును చూసినవాళ్లకు నేను చెప్పేది చప్పున అర్థమవుతుంది. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, నడుం దాకా కూడా రాదు. కానీ బరువు రెండు వందల కిలోల దాకా పోతుంది. అది కదలనని మొండికేస్తే తాడు పట్టుకున్నవాడికే ఆ బరువు తెలుస్తుంది. క్రూజర్ కూడా అంతే, ఎత్తు చూసి బరువు అంచనా కట్టకూడదు.

కాగితంలో లేని మూడో సంగతి సీటు వెడల్పు. క్రూజర్ సీట్లు సుఖం కోసం వెడల్పుగా చేస్తారు. వెడల్పైన సీటు తొడలను పక్కలకు తోస్తుంది. కాలు తిన్నగా కిందికి దిగకుండా ఏటవాలుగా దిగుతుంది, ఆ మేరకు పొడవు తగ్గుతుంది. 780 ఎత్తున్న సన్న సీటు మీద ఆనిన పాదం, 765 ఎత్తున్న వెడల్పు సీటు మీద ఆనకపోవచ్చు. దానికి తోడు కొన్ని క్రూజర్లలో కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు సరిగ్గా పిక్క దిగే చోటే ఉంటాయి. కాలు వాటి ముందుకో వెనక్కో పోవాల్సి వస్తుంది.

మీ కొలత తెలుసుకోవాలంటే గోడకు వీపు ఆన్చి, చెప్పుల్లేకుండా నిలబడి, ఒక లావుపాటి పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకి గట్టిగా లాగి, దాని పై అంచు దగ్గర గోడ మీద గీత గీయించండి. నేల నుంచి ఆ గీత దాకా మీ కాలి పొడవు. మొత్తం ఎత్తు ఒకటే అయినా ఇద్దరి కాళ్లు ఒకే పొడవు ఉండవు. అందుకే "నా అంత ఎత్తున్న మా బావమరిది ఆ బండి నడుపుతున్నాడు" అన్న మాటకు విలువ లేదు.

ఎక్కకండి, ముందు నెట్టండి

షోరూంలో బండి చూపించగానే ఎక్కి కూర్చోవద్దు. ఇంజన్ ఆపి ఉంచి, న్యూట్రల్‌లో పెట్టి, ఎడమ పక్కన నిలబడి, తుంటిని ట్యాంకుకు ఆన్చి, ముందుకు పది అడుగులు, వెనక్కి పది అడుగులు నెట్టండి. తర్వాత షోరూం ముందున్న ర్యాంపు మీద అదే పని చేయండి. ముందు బ్రేకు మీద వేళ్లు ఉంచండి. అమ్మేవాళ్లు వింతగా చూస్తారు. చూడనీయండి. ఈ ఒక్క పరీక్షలో తేలేది ఎంతసేపు కూర్చున్నా తేలదు.

పొడుగు మనిషికీ పొట్టి మనిషికీ బండి మీద అసలు తేడా రోడ్డు మీద నడిపేటప్పుడు లేదు. నలభై కిలోమీటర్ల వేగంలో కాళ్ల పొడవుతో ఎవరికీ పని లేదు. తేడా అంతా బండి నిలబడి ఉన్నప్పుడే. పొడుగువాడు కూర్చునే రెండు కాళ్లతో వెనక్కి తోసుకుంటాడు. పొట్టివాళ్ల మునివేళ్లకు నేల అందుతుంది, కానీ తోసేంత పట్టు దొరకదు. అక్కడే భయం మొదలవుతుంది. దిగి నెట్టడం తెలిస్తే ఆ భయం మొదట్లోనే పోతుంది. దిగి నెట్టడం నామోషీ అనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. వంద మంది చూస్తుండగా దిగి, బండిని చక్కగా తిప్పుకుని, మళ్లీ ఎక్కి వెళ్లినవాళ్ల మీద నాకు ఎక్కడలేని గౌరవం.

నెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాల్సి వచ్చిందా, ఆ బండి వద్దు. సీటు ఎంత కిందున్నా వద్దు.

నెట్టడం అలవాటైతే పార్కింగు అలవాటూ మారుతుంది. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె టమాటా మార్కెట్టు దగ్గర సీజన్‌లో చూడండి. లారీలు, ట్రాక్టర్లు, క్రేట్లు, వాటి మధ్య దూరి దూరి పెట్టిన బండ్లు. అక్కడ పొట్టివాళ్లు చేసే తప్పు ఒక్కటే, ముందు చక్రం పల్లానికి, గోడకేసి పెట్టి వెళ్లిపోవడం. తిరిగొచ్చేసరికి రెండు వందల కిలోలను ఎత్తుకు వెనక్కి లాగాలి. పైగా చితికిన టమాటాల మీద పాదం జారుతుంది. ఎప్పుడూ బయటికి వచ్చేటప్పుడు ముందుకు వచ్చేలా పెట్టండి. పెట్టేటప్పుడు రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

చదును నేల మీద ట్రయల్ వేయకండి

ట్రయల్‌కు బండి ఇచ్చేవాళ్లు తిన్నని రోడ్డు చూపిస్తారు. మీరు ఎగుడు అడగండి. మన ప్రాంతానికి బండి కొంటున్నాం, చదునైన ఊరికి కాదు. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా, అక్కడి నుంచి కృష్ణగిరికి పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద ఒక్కసారి పోయి రండి. ఎత్తులూ పల్లాలూ ఎన్నో. హార్స్‌లీ హిల్స్ సంగతి సరే, 1,200 మీటర్లకు పైన ఉన్న కొండ. ఘాట్ మలుపులో ఎదురుగా బస్సు వస్తే, ఎత్తు మీద ఆగి మళ్లీ కదలాలి.

ఇప్పుడు అసలు మాట. ఎత్తు మీద ఆగినప్పుడు రెండు పాదాలు ఆనితే ఏం లాభం? కుడి పాదం నేల మీద ఉంటే వెనక బ్రేకు ఎవరు తొక్కాలి? ఎత్తులో బరువంతా వెనక చక్రం మీద ఉంటుంది. ముందు బ్రేకు ఒక్కటే పట్టుకుంటే, కంకర ఉన్న చోట ముందు చక్రం బిగుసుకుని కూడా బండి వెనక్కి జారుతుంది. కాబట్టి కుడి పాదం వెనక బ్రేకు మీదే ఉండాలి, ఎడమ పాదం ఒక్కటే నేల మీద. హాఫ్ క్లచ్‌లో ఇంజన్ లాగడం తెలిసినప్పుడు బ్రేకు వదలాలి. ఇలా ఆగి కదలడం ఆరడుగులవాడికీ అవసరమే, ఐదడుగులవాడికీ అవసరమే. రెండు పాదాలూ ఆనే బండి కొన్నవాళ్లు ఈ పద్ధతి నేర్చుకోరు. నేర్చుకోక ఘాట్‌లో బండి ఆపుకుంటారు. ఒక్క పాదమే అందేవాళ్లకు మొదటి రోజు నుంచే ఇది తప్పదు. అందుకే వాళ్లు మెరుగైన రైడర్లు అవుతారని నా గట్టి నమ్మకం.

అందువల్ల నేను అడిగే ప్రశ్న వేరు. ఎడమ పాదం ఎంత ఆనుతుంది? కుడి పాదం బ్రేకు మీద ఉంచి, సీటు మీద కొంచెం ఎడమకు జరిగి, ఎడమ పాదం ముందు సగం గట్టిగా ఆనితే ఆ బండి మీకు సరిపోతుంది. మడమ లేచి ఉండటం తప్పు కాదు. బొటనవేలి కొన మాత్రమే తగిలితే వద్దు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఎవరూ చెప్పరు. మన రోడ్లు వాన నీళ్లు పోవడానికి మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం వెళ్లేది ఎడమ పక్కన. అంటే ఎడమ పాదం దిగే నేల ఎప్పుడూ కొంచెం పల్లంలోనే ఉంటుంది. తారు అయిపోయి మట్టి మొదలయ్యే చోట ఆ తేడా జానెడు కూడా ఉంటుంది. ఫోన్ మోగిందని పూర్తిగా అంచుకు తీసి ఆగబోయి, ఎడమ పాదానికి నేల దొరక్క పడిపోయేది అక్కడే. తారు మీదే, అంచుకు రెండడుగులు లోపల ఆగండి. లేదా ఇంకా ముందుకెళ్లి పెట్రోలు బంకో టీ బంకో చూసుకుని ఆగండి. ఎక్కడ ఆగాలో యాభై గజాల ముందే ఎంచుకోవడం పొట్టివాళ్లకు కాళ్లకన్నా ఎక్కువ పనికొస్తుంది.

కాళ్లు వదిలి చేతులు కొలవండి

అందరూ కాళ్ల గురించి మాట్లాడతారు. క్రూజర్ మీద పొట్టివాళ్లను పడేసేవి ఎక్కువగా చేతులు. బండి నిలబెట్టి, హ్యాండిల్‌ను పూర్తిగా కుడికి తిప్పండి. ఎడమ చేతి పిడి మీ నుంచి దూరంగా పోతుంది. ఇప్పుడు క్లచ్‌ను సగం వదిలి పట్టుకోగలరా? భుజం సీటు మీద నుంచి ముందుకు లాక్కుపోతోందా? మన దేశంలో యూ-టర్న్ ఎప్పుడూ కుడికే. ఆ మలుపులో బండి నిలబడేది హాఫ్ క్లచ్ మీదే. సరిగ్గా అప్పుడే క్లచ్ చెయ్యి దూరమైతే, చెయ్యి చాలక క్లచ్ ఒక్కసారిగా వదిలేసి, ఇంజన్ ఆగి, బండి కుడికి ఒరుగుతుంది. చూసినవాళ్లు "కాళ్లు అందలేదు పాపం" అంటారు.

క్లచ్, బ్రేకు లీవర్లకూ వేళ్లు అందాలి. అరచెయ్యి చిన్నదైతే దగ్గరికి జరుపుకునే లీవర్లు దొరుకుతాయి, కొనే రోజే వేయించుకోండి. హ్యాండిల్‌ను దాని పట్టీల్లోనే కొంచెం వెనక్కి తిప్పి బిగించమనండి. పైసా ఖర్చు లేని పని, తేడా మాత్రం పెద్దది.

మలుపు పరీక్షకు ఇంకో కారణం మన దగ్గరే ఉంది. పలమనేరు, కుప్పం మధ్య దారి కౌండిన్య అభయారణ్యం పక్కగా పోతుంది. ఏనుగులు రోడ్డు దాటుతాయి. చీకటి పడ్డాక ఆ దారిన బండి మీద పోవద్దని చెప్తాను. కానీ కైగల్ జలపాతం చూసొస్తూ పొద్దుపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఎదురుగా ఏనుగు కనిపిస్తే చేయాల్సింది దూరంగా ఆగి, లైటు కొట్టకుండా, హారన్ మోగించకుండా వెనుదిరగడం. రెండు వరసల రోడ్డులో, కాలు కింద పెట్టకుండా, ఒకే ఊపులో బండి తిప్పగలగాలి. అది మైదానంలో ముందే వచ్చి ఉండాలి, అడవి అంచున నేర్చుకునేది కాదు. రోడ్డు వెడల్పు కొలిచి రెండు చెప్పులు గుర్తు పెట్టుకుని, మొదటి గేరులో, వెనక బ్రేకు కొద్దిగా తొక్కి, హాఫ్ క్లచ్‌తో తిప్పండి. చూపు తిరగాల్సిన వైపే ఉండాలి. ముందు చక్రాన్ని చూస్తే అక్కడే పడతారు.

సీటు దించకండి, సన్నం చేయించండి

బండి కొన్న వారంలోనే పొట్టివాళ్లు సీటు కుట్టే కొట్టుకు పోయి ఫోమ్ కోయిస్తారు. వద్దనే చెప్తాను, కనీసం ఆ విధంగా వద్దు. పైనుంచి ఫోమ్ తీసేస్తే మిగిలిన పలచటి పొరలోంచి అడుగు ప్లాస్టిక్కు తగులుతుంది. పుంగనూరు దాటేలోపే నడుం పట్టేస్తుంది. దానికి బదులు సీటు ముందు భాగంలో, తొడలు రాసుకునే రెండు మూలలనూ గుండ్రంగా చెక్కించండి. మధ్యలో మందం అలాగే ఉంటుంది. కాళ్లు తిన్నగా దిగుతాయి కాబట్టి, ఎత్తు ఒక్క మిల్లీమీటరు తగ్గకపోయినా పాదం ఇంకాస్త ఆనుతుంది. పాత సీటు దాచిపెట్టి, విడిగా కొన్న సీటు మీద ఈ పని చేయించడం మేలు.

షాకబ్జార్ల జోలికి అసలు పోవద్దు. పొట్టి షాకబ్జార్లు వేసి బండిని దించితే మూడు నష్టాలు. ఇంజన్ అడుగు నేలకు దగ్గరవుతుంది. సైడ్ స్టాండు పాత పొడవే ఉంటుంది కాబట్టి బండి దాని మీద దాదాపు నిటారుగా నిలబడి, గాలికే కుడివైపు పడిపోతుంది. మలుపులో ఫుట్‌రెస్టు తొందరగా నేలకు రాస్తుంది. పైగా కంపెనీ తయారు చేసిన తీరును మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు ఉన్నాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌ను గట్టిగానే చెప్పింది. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తే బాధ మీదే.

చట్టబద్ధంగా చేసుకోగలిగింది ఒకటుంది. మీటియోర్ వెనక షాకబ్జార్లకు స్ప్రింగు బిగింపు ఆరు మెట్లలో మార్చుకోవచ్చు. మనిషి తేలికైతే కింది మెట్టులో పెడితే కూర్చోగానే బండి కాస్త దిగుతుంది. వెనక ఇంకొకరు కూర్చునే రోజు మాత్రం పై మెట్టుకు మార్చండి.

నేల నుంచి ఇంజన్‌కు ఉన్న ఎడం ఎంత ముఖ్యమో మన పల్లెల్లో స్పీడు బ్రేకర్లు చూస్తే తెలుస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన లెక్క ప్రకారం స్పీడు బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, దానికి తగ్గ 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊళ్లో జనం సిమెంటు పోసుకున్నవి ఆ లెక్కకు దొరకవు, సన్నగా, నిలువుగా ఉంటాయి. సూపర్ మీటియోర్‌కు కింద 135 మిల్లీమీటర్లే ఖాళీ. ఇద్దరు కూర్చుంటే ఇంకా తగ్గుతుంది. మీటియోర్ 350కి 170.

ఇక ఏ బండి?

పేర్లు చెప్పకుండా తప్పించుకునే సలహాలు నాకు నచ్చవు.

బజాజ్ అవెంజర్ క్రూజ్ 220 సీటు 737, బరువు 163 కిలోలు. కాగితం మీద పొట్టివాళ్లకు దీన్ని మించింది లేదు. పొడవైన వెనక్కి వంగిన హ్యాండిల్ చేతికి అందుతుంది. నెట్టడం తేలిక. సెకండ్‌హ్యాండ్‌లోనూ దొరుకుతుంది, ఏ పల్లె మెకానిక్ అయినా విప్పుతాడు. నాకు అడ్డొచ్చేది బ్రేకు. వెనక డ్రమ్ము, ఏబీఎస్ ముందు చక్రానికి మాత్రమే. కుప్పం వైపు గ్రానైట్ లారీల వెనక, కంకర రాలిన రోడ్డు మీద రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్న బండి కావాలి.

జావా 42 బాబర్ సీటు 740, బరువు 175 కిలోలు. చూడముచ్చటైన బండి. కానీ ఒక్కరికే సీటు. పెళ్లాం పిల్లల్నీ, అమ్మనూ తిప్పే ఇంట్లో ఒక్క సీటు బండి ఎన్నాళ్లు నిలుస్తుందో ఆలోచించండి. ఒంటరిగా ఉద్యోగానికి పోయే అమ్మాయికి మాత్రం ఇది మొదటి వరసలోనే ఉంటుంది.

కవాసాకి ఎలిమినేటర్ సీటు 735, బరువు 176 కిలోలు. కొలతల్లో దీనికి వంక పెట్టలేం. 2024 జనవరిలో 5 లక్షల 62 వేల ధరతో వచ్చింది. ఒక్క సర్వీసుకు బెంగళూరు దాకా పోవాల్సిన బండిని మదనపల్లెలో పెట్టుకోమని నేను చెప్పను.

క్లాసిక్ 350, బుల్లెట్ 350 రెండింటికీ సీటు 805, బరువు 195. తాత నడిపాడు, నాన్న నడిపాడు అన్న మమకారం నాకు అర్థమవుతుంది. 1955 నుంచి మద్రాసులో తయారవుతున్న బండి మన ప్రాంతానికి పరాయిది కాదు. కాలి పొడవు 72 సెంటీమీటర్లు ఉన్నవాళ్లు మాత్రం మమకారాన్ని గోడ మీద ఫొటోలో పెట్టుకోవడం మంచిది.

నా ఓటు మీటియోర్ 350కే. పైన చెప్పినవాటిలో సీటు తక్కువగా ఉన్న బండ్లు నాలుగున్నాయి. అయినా దీన్నే ఎంచుతాను. 191 కిలోలు తక్కువ కాదు, కానీ ఆ బరువు కిందుగా ఉంది. రెండు చక్రాలకూ డిస్కు, ఏబీఎస్. ట్యూబ్‌లెస్ టైర్లు, అంటే అడవి దారిలో మేకు గుచ్చుకున్నా వెంటనే కూలబడదు. సెంటర్ స్టాండు ఉంది. దాన్ని వేయడానికి బలం అక్కర్లేదు, స్టాండు రెండు కాళ్లూ నేలకు తగిలాయని చూసుకుని, మీ బరువంతా కుడి పాదంతో దాని మీద వేస్తే బండే ఎక్కుతుంది. మడమతో గేరు మార్చే లీవరు ఉంది. ఇంజన్ 349 సీసీ కావడంతో 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 సీసీ దాటిన బండ్లకు అదే రోజు నుంచి 40 శాతం.

నెట్టే పరీక్షలో మీటియోర్ మీకు బరువనిపిస్తే నా ఓటును పట్టించుకోవద్దు, అవెంజర్ తీసుకోండి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు బండ్ల గురించి అన్నీ తెలిసిన ఆరడుగుల స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లొద్దు. అతను ఎక్కి, ఒక చుట్టు తిరిగి, "ఏం లేదు మామా, ఈజీ" అంటాడు. అతని శరీరానికి నిజమే చెప్తాడు. దానికి బదులు మీ వెనక రోజూ కూర్చునే మనిషిని తీసుకెళ్లండి. ఆ మనిషి ఎడమ వైపు నుంచి మీ భుజం పట్టుకుని వేలాడుతూ ఎక్కితే, ఒంటి పాదం మీద నిలబడ్డ మీ పని అయిపోతుంది. భుజం లాగకుండా, మీరు "ఊఁ" అన్నాకే ఎక్కడం, మీరు చెప్పాకే దిగడం వాళ్లకు అలవాటు కావాలి. చీరకట్టుతో ఒకపక్కకు కూర్చునేవాళ్లయితే బరువంతా ఎడమకే పడుతుంది. అది మీ పాదం ఉన్న వైపే కాబట్టి ముందే కాలు గట్టిగా ఊనుకుని ఉండండి.

పడుతుంటే పడనివ్వండి

ఈ సలహాకు అందరికన్నా ఎక్కువ కోపగించేది బండిని ప్రాణంగా చూసుకునేవాళ్లు. అయినా ఇదే నేను ఎక్కువ గట్టిగా చెప్పేది. నిలబడి ఉన్న బండి ఒరగడం మొదలైన మొదటి క్షణంలో తొడతో, ఎడమ కాలితో ఆపగలిగితే ఆపండి. హద్దు దాటిందనిపించిందా, వదిలేయండి. కాలు కింద పడకుండా పక్కకు తప్పుకోండి. లెగ్ గార్డు వంగుతుంది, అద్దం పగులుతుంది, అంతే. రెండు వందల కిలోలను ఆపబోయి మోకాలు మెలిపడితే, నడుం పట్టేస్తే నెలల తరబడి బండి ముట్టుకోలేరు. లెగ్ గార్డును అందం కోసం కాదు, దీనికోసమే వేయించుకోవాలి. బండి పూర్తిగా నేలకు ఆనకుండా అది కొంత ఎత్తులోనే ఆపుతుంది, లేపడం తేలికవుతుంది.

లేపే పద్ధతి బలానిది కాదు. ముందు కిల్ స్విచ్ నొక్కి, తాళం తీయండి. బండి జరగకుండా గేరులో ఉంచండి. కుడివైపు పడి ఉంటే, లేపాక ఎడమవైపుకు పడిపోకుండా సైడ్ స్టాండు ముందే తీసిపెట్టండి. కుడివైపు సైలెన్సర్ కాలుతుంది, చూసుకోండి. హ్యాండిల్‌ను నేల వైపుకు పూర్తిగా తిప్పండి. ఇప్పుడు బండికి వీపు తిప్పి, సీటు అంచుకు పిరుదులు ఆన్చి కూర్చున్నట్టు వంగండి. ఒక చేత్తో కింది పిడి, ఇంకో చేత్తో వెనక పట్టుకునే కడ్డీ. వెన్ను నిటారుగా ఉంచి, కాళ్లతో వెనక్కి చిన్న చిన్న అడుగులు వేయండి. బండి దానంతటదే లేస్తుంది. కొన్న మొదటి నెలలోనే, గడ్డి ఉన్న చోట, పక్కన ఒకరిని పెట్టుకుని, పాత దుప్పటి పరిచి, బండిని మెల్లగా పడుకోబెట్టి లేపి చూడండి. బండిని కావాలని పడేస్తారా అని ఇంట్లో అరుస్తారు. ఒక్కసారి లేపినవాళ్లకు పడుతుందన్న భయం ఉండదు. ఆ భయం లేనివాళ్ల బండి తక్కువగా పడుతుంది.

డెలివరీ రోజు మీరు నడపకండి

కొత్త బండి, కొబ్బరికాయ, నిమ్మకాయలు, దండ, చుట్టూ బంధువులు, వీడియో తీసే తమ్ముడు. అంతమంది ముందు ఇంకా చేతికి అలవాటు పడని క్లచ్‌తో బెంగళూరు బస్టాండు దగ్గరి రద్దీలోకి దిగడం అక్కర్లేని పరీక్ష. కొత్త టైర్ల పైపొర నునుపుగా ఉంటుంది, కొద్ది దూరం తిరిగాక గానీ పట్టు రాదు. నడపడం బాగా తెలిసినవాళ్లను బండి ఇంటికి తెమ్మనండి. పూజ ఇంట్లో చేసుకోండి.

మర్నాడు పొద్దున్నే చీలమండ కప్పే గట్టి అడుగున్న బూట్లు, ఐఎస్ఐ హెల్మెట్ వేసుకుని, అద్దాలు మీ ఎత్తుకు సరిచేసుకుని, ఒక్కరే బయల్దేరండి. మొదటి రోజు దూరం పోవద్దు. మీ వీధి చివరి ర్యాంపు మీద ఎడమ పాదం, వెనక బ్రేకు, హాఫ్ క్లచ్ పెట్టి ఆగి కదలడం చేతికి వచ్చేదాకా చేయండి. అది వచ్చాక పుంగనూరు దాకా పోయి రండి, ఆ తర్వాత పలమనేరు. కుప్పానికి ఇంకా తొందర లేదు.